ఎర్రపోగు

వంద మీటర్లు. పదిహేను సెకండ్ల మీద రెండు పాయింట్లు.
ఇమ్మానుయేల్ సార్ స్టాప్‌వాచీని చెవికాడ పెట్టి ఊపి చూసిండు,
తప్పు దానిదేమోనని.
మళ్ల ఉరికిన. పదిహేనున్నర.
హన్మకొండ స్టేడియంల అప్పుడే పొద్దు పొడుస్తున్నది,
నా నీడ నాకన్న ముందు గీత దాటింది.

సార్ తిట్టలే.
బండెక్కించుకొని మట్టెవాడ మలుపుకాడ
చికెన్ దుకాణం ముందట ఆపిండు.
"యూసుఫ్ భాయ్, ఓ రొమ్ముముక్క, ఓ తొడముక్క."
తక్కెడ పక్కన రెండూ పెట్టించి చూపిండు.
ఇగో, ఇది తెలుపు. ఇది ఎరుపు.
కోడి రెక్క కొట్టేది గోడెక్కేదాకనే,
ఒక్క ఊపు, అంతే.
కాళ్ళైతే పొద్దంత పెంటకుప్పల చుట్టు తిరుగుతయి,
అందుకే తొడకు నెత్తురు రంగు పట్టింది.
నీ పిక్కలల్ల గూడ గీ రెండు తీర్ల పోగులే, బిడ్డా.
తెల్లయి చటుక్కున గుంజుతయి, చటుక్కున సోలుతయి.
ఎర్రయి నిదానం. ఊపిరిని నమిలి నమిలి తింటయి.
రేషను లైన్ల నిలబడ్డప్పుడు
నిన్ను నిలబెట్టేది గవే.
నీకు తెల్లయి తక్కువ పడ్డయి.

అరకిలో అవమానాన్ని
నల్ల కవర్ల చుట్టి నా చేతుల పెట్టిండు యూసుఫ్ భాయ్.
పైసలు సారే కట్టిండు.
రేకుల మీద పావురాలు.
కరీమాబాద్ దాక ఎగిరి మళ్ల వచ్చే పావురాలు.
వాటి రొమ్ము ఏ రంగుంటదో అడుగుదామనుకున్న.
అడగలే.

కొత్తవాడ గల్లీ పొడుగూత
మోరీల అద్దకపు నీళ్ళు, ఇయ్యాల నీలం.
గుంట మగ్గంల నడుం దాక దిగి మా అమ్మ కౌసల్య,
జంపఖానా అంచుకాడికి వచ్చింది.
ఎడమ చెక్క తొక్కుతది, నాడె పోతది.
కుడి చెక్క తొక్కుతది, నాడె వస్తది.
నేను పుట్టకముందు నుంచి ఆ కాళ్ళు
గుంటల నడుస్తనే ఉన్నయి,
ఎటూ పోకుంట.
నోట్‌బుక్కు వెనక అట్ట మీద లెక్క గట్టిన:
నిమిషానికి ముప్పై, గంటకు పద్దెనిమిది వందలు,
తొమ్మిది గంటలకు పదహారు వేల పైన.
యేడాది దాక పోలే, అట్ట నిండింది.

"అమ్మా, నీ పిక్క ఒక్కసారి పట్టి చూడనా?"
"నీకు పిచ్చి లేసిందా" అన్నది,
కాలు మాత్రం గుంజుకోలే.
రాయి తీరుగ ఉంటదనుకున్న.
మెత్తగుంది. వేడిగుంది.
పొయ్యి ఆర్పినంక అడుగున మిగిలిన బూడిద అంత వేడి.

ఆ రాత్రి కూరల తొడముక్క నాకే వేసింది.

తెల్లారి నుంచి వంద లేదు. అయిదు వేలు.
పన్నెండున్నర రౌండ్లు.
జిల్లా పోటీలల్ల మొదటి రౌండుకే
అందరూ నన్ను దాటిండ్రు.
పోరిక జ్యోత్స్న, వందల మొదటి బహుమతి పిల్ల,
అయిదో రౌండుల పక్కటెముకలు పట్టుకొని గడ్డిల కూలబడ్డది.
తొమ్మిదో రౌండు నుంచి
నాకు పేర్లు యాదికి లేవు, వీపులే ఉన్నయి:
పచ్చ బనీను, చిరిగిన నంబరు, రెండు జడలు.
ఒక్కొక్క వీపు దగ్గరికొచ్చి, పక్కకొచ్చి,
వెనక్కి పోయింది.
నేను ఉరికిన్నని చెప్పలేను.
ఆగలే, అంతే.
ఆఖరి రెండొందల మీటర్లకు తెల్లయి కావాలె.
ఉన్న నాలుగింటిని పిలిచిన.
రెండే వచ్చినట్టున్నయి.
ముగ్గురు అక్కడ్నే నన్ను దాటి పోయిండ్రు.
నాలుగో స్థానం. కాయిదం ఇచ్చిండ్రు, బిళ్ళ ఇయ్యలే.
సార్ మాత్రం వాచీని ఈసారి ఊపలే.

కాయిదం చూపుదామని ఇంటికొచ్చేసరికి
కరెంటు పోయింది. అమ్మ మగ్గం దిగుతున్నది,
అంటే గుంటల నుంచి పైకెక్కుతున్నది.
నా భుజం పట్టుకున్నది.
ఒక మోకాలు సాగింది. రెండోది సాగలే.
గడప దాక నాలుగడుగులు,
నాలుగింటికీ గోడ కావాల్సొచ్చింది.

ఎర్రపోగులు అలువయి అన్నడు సార్.
మోకాళ్ళ ముచ్చట చెప్పలే.
"ఎన్నోదానివొచ్చినవ్?" అన్నది అమ్మ, చీకట్ల.
చెప్పిన.
"నీ ముందట ముగ్గురేనా" అన్నది,
కూసొని కాలు ఒత్తుకుంట.
నేను జరిగి ఆ కాలు నా ఒళ్ళె పెట్టుకున్న.